ఖాళీ కొక్కెం

ముందుగా ఒక్క సంగతి ఒప్పుకుని కూచోండి. ఉద్యోగం చేసినన్నాళ్లూ పట్టపగలు కన్ను మూయని మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడే ఈ కథ చెబుతున్నాడు. కుర్చీలో కూచున్నాడంటే గుడ్లగూబలు బారులు తీరి వచ్చి పాఠం నేర్చుకుని పోయేవి. అలాంటి కళ్లతో చూసింది కనుక ఇందులో అబద్ధం దూరడానికి సందు లేదు. ఒకవేళ దూరితే, ఎక్కడ దూరిందో చివర్లో నేనే వేలు పెట్టి చూపిస్తాను. తొందరపడకండి.

అదొక పాతవస్తువుల భవనం. పొద్దున్నే పొగమంచు మెట్లదాకా వచ్చి, లోపలికి రావాలంటే టిక్కెట్టు కొనాలేమోనని అక్కడే ఆగిపోయేది. లోపల పడవల గది, గడియారాల గది, అద్దాల గది, ఆయుధాల గది, మేడ మీద రాణిగారి పడకగది. గదులన్నిటికీ తలుపులు, తలుపులన్నిటికీ తాళాలు, తాళాలన్నిటికీ చెవులు, ఆ చెవులన్నిటికీ ఒకటే నడుము. అది గుత్తమ్మ నడుము.

గుత్తమ్మకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. దాంతో ఎవరికీ పని పడలేదు. నడుముకు తోలుపట్టీ, పట్టీకి ఇనప కడియం, కడియానికి తాళంచెవుల గుత్తి. గుత్తి మేకపిల్లంత బరువుండేది. ఆ బరువుకి ఆవిడ ఎడమ పక్కకు ఒరిగి నడిచేది, కుడిచెయ్యి గాల్లో కాస్త తేలుతూ ఉండేది, ఏటికి అడ్డంపడి నడుస్తున్నట్టు. అడుగేస్తే గలగల. మెట్లెక్కితే గలగల. పొద్దున సూర్యుడు ఎటునుంచి వస్తే అటునుంచి గదులు తెరుచుకుంటూ వెళ్లేది. అద్దాల గదిలో మాత్రం ముందు తెరలు దించి, తర్వాతే దీపం వేసేది. పడవల గది తలుపుని మోకాలితో కొంచెం పైకెత్తి తాళం తిప్పాలి. గడియారాల గది తాళాన్ని ముందు సగం వెనక్కి తిప్పి, అది ఊఁ అన్నాక ముందుకి తిప్పాలి. కోడి ఈకను నూనెలో ముంచి ఒక్కో తాళం నోట్లో ఒక్కో చుక్క వేసేది, పసిపిల్లకి మందు పోసినట్టు.

ఆ పొద్దున పెట్టె వచ్చింది.

గడ్డి చుట్టిన చెక్కల మధ్య నుంచి దాన్ని బయటికి తీశారు. ఆకుపచ్చ ఇనప పెట్టె. ముందు అద్దం తలుపు. లోపల వరసలు వరసలుగా కొక్కేలు, ప్రతి కొక్కెం కింద గది పేరు రాసిన చిన్న రేకు. తలుపుకి వెండిలా మెరిసే చిట్టి తాళం. వడ్రంగి దాన్ని ఆఫీసు గది బయట గోడకు మరలు దింపి బిగిస్తుంటే, భవనంలో వాళ్లంతా వచ్చి నిలబడ్డారు. టిక్కెట్లాయన వచ్చాడు. ఆయుధాల గది కాపలా మీసాలాయన వచ్చాడు. చీపురు చంకలో పెట్టుకుని ఊడ్చే అక్క వచ్చింది. గుత్తమ్మ మాత్రం దూరంగా, గుత్తి మీద చెయ్యి వేసుకుని నిలుచుంది.

"ఇకమీదట తాళంచెవులన్నీ ఇందులోనే ఉంటాయమ్మా," అన్నాడు పెద్దసారు. ఆ భవనానికంతటికీ పైఅధికారి ఆయన. ఆ మాట ఆవిడతో కాక గోడతో చెబుతున్నట్టు చెప్పాడు. "ఒక గదికి ఒక చెవి తీసుకెళ్లాలి. పనయ్యాక తెచ్చి తగిలించి, రెండోది తీసుకెళ్లాలి. ఇది ఎవరి మీదా అనుమానంతో కాదు. పద్ధతి, అంతే."

"మరి ఈ పెట్టె తాళంచెవి ఎక్కడుంటుంది సారూ?"

"నా జేబులో."

"అది పోతేనో?"

"దానికింకో పెట్టె తెప్పిస్తారు చెల్లెమ్మా," అన్నాడు టిక్కెట్లాయన. "ఆ పెట్టె తాళంచెవికి ఇంకోటి. ఆఖరికి మనమందరం ఓ పెద్దపెట్టెలో కూచుని, చెవి బయట మర్చిపోయి, అందులోనే పింఛను తీసుకుంటాం."

అందరూ నవ్వారు. పెద్దసారు నవ్వలేదు. గుత్తమ్మ కడియం మర విప్పింది. ఒక్కో చెవినీ తీసి, ఒకసారి అరచేత్తో తుడిచి, దాని కొక్కేనికి తగిలించసాగింది. పడవల గదిది నల్లటిది, పొడుగుది. గడియారాల గదిది ఇత్తడిది, ఆవిడ బొటనవేలి గుర్తుకి అరిగిపోయింది. కొక్కేలన్నీ నిండాయి. పై వరస చివరిది ఒక్కటి మిగిలిపోయింది. దాని కింద రేకు మీద "రాణిగారి పడకగది" అని ఉంది.

అందరి చూపూ అక్కడే ఆగింది. నిండిన కొక్కేలను ఎవరు చూస్తారు?

వారం కిందట సాయంత్రం గదులు మూసేవేళ గుత్తిలో ఆ ఒక్కటే కనిపించలేదు. మర విప్పకుండా కడియంలోంచి చెవి ఊడిరాదు. మధ్యాహ్నం చేతులు కడుక్కుని అన్నం తినేటప్పుడు మాత్రం ఆవిడ గుత్తిని వసారాలో మేకుకి తగిలించేది. ఆ సాయంత్రమే సారుతో సహా అందర్నీ నిలబెట్టి అడిగింది, "నా గుత్తి మీద చెయ్యేసింది ఎవరు?" అని. ఎవరూ పలకలేదు. ఎవరూ పలక్కపోతే తప్పు అడిగినవాళ్ల మీదికే వస్తుంది, లోకరీతి.

"ఆ కొక్కెం తీయించెయ్యండి సారూ," అంది గుత్తమ్మ. "వచ్చేపోయేవాళ్లకి నా పన్ను ఊడిందని చూపించినట్టుంది."

"ఉండనీ. దొరికితే పెడదాం."

"దొరక్కపోతే?"

పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్ల కింద నల్లటి సంచులు, ఏ అర్ధరాత్రో ఎవరో కుట్టి తగిలించినట్టు. "ఈ వారాంతానికి పైనుంచి మనుషులొస్తున్నారమ్మా. రాణిగారి గది చూడ్డానికే వస్తున్నారు. అది చెక్కడాల తలుపు, పగలగొట్టడానికి లేదు. ఈలోగా దొరక్కపోతే..." ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "గేటు దగ్గర గొడుగులు చూసుకునే మనిషి కావాలంటున్నారు. తేలిక పని."

"గొడుగులు," అంది గుత్తమ్మ.

"తేలిక పని," అన్నాడాయన మళ్లీ.

ఆ మాట అన్నాక పెట్టె అద్దం తలుపు మూసి, చిట్టి తాళం తిప్పి, చెవిని జేబులో వేసుకున్నాడు. జేబులో అది దేనికో తగిలి టింగుమంది.

ఆ రోజు గుత్తమ్మ ఖాళీ నడుముతో ఇంటికెళ్లింది. ఏళ్ల తరబడి ఎడమకి ఒరిగిన ఒళ్లు, బరువు పోయేసరికి కుడికి ఒరిగింది. సరుకు దింపేసిన పడవ ఒడ్డున ఊగినట్టు ఊగుతూ వీధి వెంట నడిచింది. తన అడుగుల చప్పుడు తనకే మొదటిసారి వినిపించింది. ఇవి ఎవరి అడుగులా అని రెండుసార్లు వెనక్కి చూసింది.

ఆవిడ మొగుడు రొట్టెలు కాల్చే మనిషి. పొద్దుగూకేవేళ మర్నాటి పిండి కలిపి, తడిగుడ్డ కప్పి, దాంతో కాసేపు కబుర్లు చెప్పేవాడు. పిండి వింటే పొంగుతుందని ఆయన నమ్మకం. తలుపు తోసుకుని గుత్తమ్మ వెనకగా వచ్చి నిలబడితే ఆయన ఎగిరిపడి, గుప్పెడు పిండి తన మొహాన తానే చల్లుకున్నాడు.

"ఎవరదీ!"

"నేనే. నీ పెళ్లాన్ని."

"చప్పుడు లేకుండా వచ్చి పెళ్లాన్నంటే నమ్మేదెలాగే? వీధి మొదట్లో నువ్వు మోగితే ఇక్కడ నేను స్నానానికి నీళ్లు పెట్టేవాణ్ణి. ఇప్పుడు పొయ్యి చూడు, చల్లగా ఉంది."

ఆవిడ పీట మీద కూచుని, పట్టీ విప్పి ఒళ్లో పెట్టుకుంది. తోలు మీద కడియం ఒరుసుకున్నచోట నల్లగా, నున్నగా గుంట పడి ఉంది. ఆ గుంటని వేలితో రాస్తూ జరిగిందంతా చెప్పింది. ఆయన మొహాన పిండితోనే విన్నాడు.

"గొడుగులంటే... వాన లేని రోజు ఏం చేస్తావే?"

"ఎండకి కాపలా కాస్తాను."

"పోనీ ఒక్క మాట. ఆ చెవి నువ్వే ఎక్కడైనా మర్చిపోయి..."

గుత్తమ్మ తలెత్తి చూసింది. "నువ్వూనా?"

"అబ్బే, నేననలేదు. పిండి అంది."

ఆవిడకి నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే తడైపోయింది. ఆయన గబగబా లేచి నీళ్లు పెట్టాడు. రోజూ తలగడ కింద పెట్టుకునే గుత్తి ఇవాళ లేదు. తలకింద అంత మెత్తగా ఉంటే ఎవరికైనా నిద్రెలా వస్తుంది?

మర్నాడు పని మొదలైంది. ఒక చెవి తీసుకోవడం, తెరవడం, వెనక్కి రావడం, పెద్దసారు ఎదుట చెయ్యి చాపడం, ఆయన పెట్టె తెరవడం, ఇది తగిలించి అది తీసుకోవడం. మగ్గంలో నాడెలా అటూ ఇటూ తిరిగింది. పిల్లలు లేని బడిలా నిశ్శబ్దంగా ఉన్నాయి వసారాలు. గాజు పైకప్పులోంచి వెలుతురు పాలలా కారి నేలమీద మడుగు కడుతోంది. గడియారాలు ఒకదానితో ఒకటి పొత్తు లేకుండా దేని కాలం అది కొట్టుకుంటున్నాయి. ఆ వెలుతుర్లోంచి గుత్తమ్మ చప్పుడు లేకుండా నడిచి వెళుతుంటే, తనేదో నిద్రలో ఉన్నట్టూ, భవనం తనని కల కంటున్నట్టూ అనిపించింది.

అలా ఆయుధాల గదిలో అడుగుపెట్టేసరికి, ఒక ఇనప శిరస్త్రాణం నిలువుటద్దం ముందు నిలబడి, చూపుడువేలు ఊపుతూ అద్దాన్ని తిడుతోంది. "నాకే ఎదురు చెబుతావా? నా మీసం చూసి మాట్లాడు!"

"మీసమేదన్నా, ముసుగులో ఉందిగా," అంది గుత్తమ్మ.

శిరస్త్రాణం గిరుక్కున తిరిగి గోడకు కొట్టుకుంది. లోపల మీసాలాయన. ముసుగు పడిపోయి బిగుసుకుంది. నూనె, ఈక తెచ్చి, మరకు చుక్క వేసి, ఆయన్ని బయటికి తీయడానికి ఆవిడకు చాలాసేపే పట్టింది. బయటికొచ్చిన మీసం ఒకపక్క పైకీ ఒకపక్క కిందికీ తిరిగి ఉంది. "తుప్పు పట్టిందేమో చూస్తున్నాను చెల్లెమ్మా," అన్నాడాయన. ఆవిడ సరేనంది.

రాతి బొమ్మల వసారాలో ఊడ్చే అక్క, ముక్కు విరిగిన రాతి తలకాయ పక్కన చతికిలబడి, దాని బుగ్గ నిమురుతూ మోకాళ్ల నొప్పుల గురించి చెబుతోంది. "నీకేం, మెడ దాకానే చెక్కారు. మోకాళ్లు లేనివాడిదే సుఖం నాయనా." గుత్తమ్మ ఒక స్తంభం చాటున ఆగిపోయింది. అక్క కన్నీళ్లు తుడుచుకుంటూ ఉండడం ఇన్నేళ్లలో ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడు చూసినా చీపురు ఆడుతూనే ఉండేది మరి.

ఇక టిక్కెట్ల కిటికీ దగ్గర. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, నోరు తెరిచి, గడ్డం కింద టిక్కెట్ల కట్ట ఆనించుకుని, ఊపిరి తీసినప్పుడల్లా పై టిక్కెట్టు రెపరెపలాడేలా నిద్రపోతున్నాడు. ఆయనెవరని మీరు అడగరు గానీ, అడిగినా దాచను. నేనే. మొదట్లో గుడ్లగూబ అన్నాను కదా? గుడ్లగూబ పగలంతా నిద్రపోతుందన్న సంగతి మీకు తట్టకపోతే అది నా తప్పా?

"అన్నా," అంది గుత్తమ్మ మెల్లగా.

నిద్రపోతున్న టిక్కెట్లాయన లేస్తూనే ఆవిడకు ఒక టిక్కెట్టు చించి ఇచ్చాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ముగ్గురూ ఆవిడ మీద పడ్డారు.

"అదేం రావడం తల్లీ? ప్రాణాలు పోయాయి!" అన్నాడు మీసాలాయన.

"వస్తుంటే కాస్త చెప్పి రావచ్చుగా!" అంది అక్క. "గుత్తి ఉన్నన్నాళ్లూ ఎంత హాయిగా ఉండేది. మెట్ల మీద గలగలమంటే లేచి చీపురు పట్టుకునేదాన్ని."

"పిల్లి మెడలో గంట," అన్నాడు టిక్కెట్లాయన. "మనమే కోరి విప్పించుకున్నాం. పెట్టె వచ్చిన రోజున భద్రంగా ఉంటుంది, మంచిదే అని తలకాయలూపింది మనమే."

గుత్తమ్మ ముద్ద నోటిదాకా తెచ్చి ఆపింది. "అయితే ఇన్నేళ్లూ నేను పిల్లినా?"

ఆవిడ ముద్దని పళ్లెంలో పెట్టేసింది. "నేను ఏ గదిలోకెళ్లినా అందరూ నిటారుగా, పనిలో ఉండేవాళ్లు. అబ్బ, ఎంత పనిమంతుల మధ్య ఉన్నానో అనుకునేదాన్ని. అసలు నేనెవర్నీ చూడనే లేదన్నమాట. నా చప్పుడు ముందెళ్లి అందర్నీ సర్ది పెట్టేది."

"అలాగనకు చెల్లెమ్మా. పెద్దసారుతో మాట్లాడదాం, గుత్తి నీకు తిరిగిచ్చెయ్యమందాం," అన్నాడు మీసాలాయన.

"పెద్దసారు మధ్యాహ్నం పూట ఎక్కడ దొరుకుతాడు?" అంది అక్క. "ఏవో చదువుకుంటాడట. అన్నం తిన్నాక మాయం."

మాట్లాడదాం అన్నవాళ్లెవరూ మాట్లాడలేదు. ఒక రోజు గడిచింది, ఇంకో రోజూ గడిచింది. రేపు పైవాళ్లు వస్తారనగా మధ్యాహ్నం, గుత్తమ్మ పడవల గది చెవి చేత్తో పట్టుకుని పెట్టె ముందు నిలబడింది. ఎండ పడమటికి తిరిగింది. ఇంకాస్సేపట్లో, ఇవాళ ఇంకా తెరవని అద్దాల గదిలోకి దిగుతుంది. తెరలు వేయకపోతే వెనక పూత మచ్చలు తేలి పాత అద్దాలన్నీ గుడ్డివైపోతాయి. అద్దాల గది చెవి పెట్టెలో ఉంది, కళ్లెదుటే, అద్దం వెనక. పెట్టె చెవి పెద్దసారు జేబులో ఉంది. పెద్దసారు ఎక్కడున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

ఆఫీసులో లేడు. వసారాలో లేడు. పుస్తకాల గదిలో కుర్చీ మీద దుమ్ము కదలకుండా ఉంది. గుత్తమ్మ మేడ మెట్లెక్కింది. ఆ మెట్లు ఆవిడ గలగలకు అలవాటుపడి ఉన్నాయి. ఇవాళ అవి కూడా ఊపిరి బిగబట్టుకున్నట్టున్నాయి. పై వసారా చివర రాణిగారి గది. చెక్కడాల తలుపు, దాని మీద నెమళ్లు, తీగలు. ఆ తలుపు దాకా వచ్చి, వెనుదిరగబోతూ ఆవిడ ఆగింది.

లోపల ఎవరో ఊపిరి తీస్తున్నారు.

చెయ్యి ఆనించింది. తలుపు దగ్గరగా వేసి ఉందంతే. పూసిన నూనె తనదే కదా, కిర్రుమనలేదు.

గదిలో తెరలు దించి ఉన్నాయి. వాటిలోంచి వచ్చిన ఎండ తేనె రంగుకి తిరిగి గాల్లో తేలుతోంది. మధ్యలో రాణిగారి మంచం. నాలుగు మంచంకోళ్లూ నాలుగు హంసలు, పైన చిరుగులు పడ్డ పట్టు గొడుగు. జనం ముట్టుకోకుండా చుట్టూ కట్టిన ఎర్రతాడు ఒకపక్క విప్పి, మర్యాదగా చుట్టి పెట్టి ఉంది. దాని పక్కన ఒక జత చెప్పులు, బడికొచ్చిన పిల్లాడు విడిచినంత ఒద్దికగా. మంచం మీద, ఒక వారగా, దుప్పటి నలగకుండా ముడుచుకుని పెద్దసారు నిద్రపోతున్నాడు. కళ్లజోడు గుండెల మీద ఉంది. చూపుడువేలికి తాడు, తాడుకి తాళంచెవి. ఆయన ఊపిరితో పాటు అది మంచం పక్కన మెల్లగా ఊగుతోంది.

ఆ చెవిని గుత్తమ్మ ఎక్కడున్నా గుర్తుపడుతుంది. పిడికి పువ్వులా మూడు రేకులుంటాయి.

అరవాలనుకుంది. గొంతుదాకా వచ్చింది కూడా. కిందికి పరిగెత్తి అందర్నీ మేడమీదికి పిలవాలనుకుంది. అప్పుడు తను నిలబెట్టి అడిగినట్టే ఇప్పుడు నిలబెట్టి చూపించాలనుకుంది. కంచే చేను మేసిందర్రా, రండి చూడండి అనాలనుకుంది. కానీ ఆ నిద్ర ఎలాంటిదంటే, ఎన్నో ఏళ్లుగా మెలకువగా ఉన్న మనిషి నిద్ర. పెదవులు పసిపిల్లాడివిలా వదులైపోయాయి. కళ్ల కింద సంచులు ఖాళీ అవుతున్నట్టున్నాయి.

గుత్తమ్మ కిటికీ కింద బల్ల మీద కూచుంది. ఎన్నేళ్లు తెరిచింది ఈ గదిని! దుమ్ము దులిపింది, తాళం వేసింది, వెళ్లిపోయింది. ఎన్నడూ కూచోలేదు. తెర కదిలినప్పుడల్లా గోడ మీద వెలుగు నీళ్లలా కదిలింది. హంసలు మంచాన్ని ఎత్తుకుని మెల్లగా ఎటో ఈదుకుంటూ పోతున్నట్టనిపించింది. ఆవిడ రెప్పలు బరువెక్కాయి. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణమే, ఆవిడా ఆ పడవెక్కింది.

"ఎవరూ?"

"నేనే సారూ." ఆవిడ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. "తాళంచెవి కోసం వచ్చాను. అద్దాల గదిది."

పెద్దసారు లేచి కూచున్నాడు. చేతిలో చెవిని చూసుకున్నాడు, ఆవిడని చూశాడు. తేలు కుట్టిన దొంగలా మంచం అంచుకి జరిగాడు. చెప్పుల కోసం కాలు చాపితే అవి అందలేదు.

"చప్పుడు కాలేదే," అన్నాడు చివరికి.

"చప్పుడంతా మీరు పెట్టెలో పెట్టి తాళం వేశారుగా."

ఆయన తల వంచుకున్నాడు. "ఆ రోజే తిరిగి పెట్టేద్దామనుకున్నానమ్మా. ఒక్క పూట పడుకుని చూద్దామనిపించింది, అంతే. సాయంత్రానికి నువ్వు అందరి ముందూ అడిగావు. నోరు పెగల్లేదు. మర్నాడు మరీ పెగల్లేదు. ఏదో ఒకటి చెయ్యకపోతే బాగుండదని పెట్టె తెప్పించాను."

"ఇంట్లో మంచం లేదా సారూ?"

"ఉంది. మా ఆవిడ పోయాక అది వెడల్పయిపోయింది."

గుత్తమ్మ హంసల మంచాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. "ఇది ఇంకా వెడల్పు కదా?"

"ఇందులో నా పక్కన ఎవరూ పడుకోలేదమ్మా. ఖాళీ తెలియదు."

ఎండ తెర అంచు దాటి నేల మీదికి దిగింది. అది చూసి ఆవిడ లేచింది. వంగి చెప్పుల జతని ఆయన కాళ్లకు అందేలా జరిపింది.

"కొక్కెం ఖాళీగా ఉంది సారూ," అంది. "రోజూ దాని ముందే నిలబడి మీకు చెయ్యి చాపుతున్నాను. మీకు ఖాళీ ఇంటి మంచంలో తెలిసింది. నాకు గోడ మీద తెలుస్తోంది."

పెట్టె చెవి ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ దాంతో కిందికి వెళ్లి, అద్దాల గది తెరలు వేసి, పెట్టె మూసి, చెవిని ఆయన బల్లమీద పెట్టి ఇంటికెళ్లింది. మొగుడికి కూడా చెప్పలేదు. పిండి విందేమో, ఆ రాత్రి మాత్రం గుడ్డ దాటి పొంగింది.

పైవాళ్లు వచ్చారు. ముందొక పొడుగుచేతుల చొక్కా పెద్దమనిషి, వెనక ఒక గొడుగావిడ. ప్రతిదానికీ ఆయన "భేష్" అంటున్నాడు, ఆవిడ ముక్కుతో గాలి వదులుతోంది. భవనం వాళ్లంతా పెట్టె దగ్గర వరసగా నిలబడ్డారు. గుత్తమ్మ చివర నిలబడింది. పట్టీ కట్టుకునే వచ్చింది. కడియం ఒట్టిదే.

"భేష్, చక్కటి పెట్టె," అన్నాడు పెద్దమనిషి.

గొడుగావిడ గొడుగు కొస అద్దానికి ఆనించింది. "ఇదొకటి ఖాళీగా ఉందేం?"

గడియారాల గదిలో ఒక గడియారం తప్పు గంట కొట్టింది. ఇంకోటి అందుకుంది. మీసాలాయన మీసం వణికింది. టిక్కెట్లాయన నేల చూశాడు, నేలమీద ఏదో టిక్కెట్టు పడినట్టు. గుత్తమ్మ ఎవర్నీ చూడలేదు. కొక్కేన్నే చూస్తోంది.

పెద్దసారు జేబులో చెయ్యి పెట్టి, మూడు రేకుల పిడి ఉన్న చెవిని బయటికి తీశాడు.

"దొరికింది," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "నా జేబులోనే ఉంది. ఈవిడ పోగొట్టలేదు. నేనే తీశాను."

తనే పెట్టె తెరిచి, తనే దాన్ని కొక్కేనికి తగిలించాడు. ఖాళీ మూసుకుంది. తర్వాత పెట్టెకి తాళం వేసి, ఆ చిట్టి చెవిని గుత్తమ్మ అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"ఇది ఎవరి దగ్గరుంటుంది?" అంది గొడుగావిడ.

"ఈవిడ దగ్గరే."

"భేష్," అన్నాడు పెద్దమనిషి, దేనికంటున్నాడో తెలియకుండానే.

వాళ్లు వెళ్లగానే ముగ్గురూ గుత్తమ్మను చుట్టుముట్టారు. గుత్తి మళ్లీ కట్టుకోమని అక్క గడ్డం పట్టుకుని బతిమాలింది. మీసాలాయన కడియం మర తనే బిగిస్తానన్నాడు.

"వద్దన్నా," అంది గుత్తమ్మ. "ఇన్నేళ్లకు నడుం ఇప్పుడిప్పుడే తిన్నబడుతోంది. అయినా ఇప్పుడే కదా మిమ్మల్నందర్నీ చూస్తున్నాను."

తోలుపట్టీకి ఆ ఒక్క చిట్టి చెవినే కట్టుకుంది. అది మోగదు. అందుకని ఏ గది మలుపు తిరిగేముందైనా ఆగి, ఒక్కసారి దగ్గేది. పొడిదగ్గు, మర్యాద దగ్గు. లోపల శిరస్త్రాణం దిగేంతసేపు, కన్నీళ్లు తుడుచుకునేంతసేపు, టిక్కెట్టు గడ్డం కిందినుంచి తీసేంతసేపు ఆగి, అప్పుడు వెళ్లేది. మధ్యాహ్నం పూట రాణిగారి గదికి గాలి ఆడాలని చెప్పి ఆ తలుపు తాళం తీసి దగ్గరగా వేసేది. ఆ వసారా వైపు మాత్రం వెళ్లేది కాదు, దగ్గేదీ కాదు. సాయంత్రం వీధి మొదట్లో ఒకసారి దగ్గితే, ఆ చివర మొగుడు పొయ్యి మీద నీళ్లు పెట్టేవాడు.

ఇక మాటిచ్చాను కనుక వేలు పెట్టి చూపిస్తాను. మేకపిల్లంత గుత్తి సంగతి అంటారా, అది నిజమే. మేకపిల్ల అప్పుడే పుట్టింది, అంతే. హంసల మంచం నిజం, దగ్గు నిజం. చిట్టి చెవిని అరచేతిలో పెట్టి వేళ్లు మూయడం నా కళ్లతో నేను చూశాను, మెలకువగానే ఉన్నాను. పెద్దసారు ఆ రోజు అందరి ముందూ అన్నది మాత్రం ఒకటే మాట. "దొరికింది." అంతే. ఎక్కడ దొరికిందో, ఎవరు తీశారో చెప్పలేదు. పైవాళ్లు అడగలేదు. మేమూ అడగలేదు. "నా జేబులోనే ఉంది, ఈవిడ పోగొట్టలేదు, నేనే తీశాను" అన్న ముక్క నేను కలిపింది.

చాలా ఏళ్ల తర్వాత, మేడమీది సంగతంతా గుత్తమ్మ నోటివెంట విని, దాన్నిలా కథ కట్టి ఆవిడకే వినిపించాను. ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తి ఆపింది. దొరికిపోయాననుకున్నాను.

"అది ఇంకోసారి చెప్పన్నా," అంది.

చెప్పాను. కళ్లు మూసుకుని వింది. నడుం దగ్గర పట్టీ మీద గుంటని వేలితో తడుముకుంది.

"అబద్ధమే," అంది. "తీసెయ్యకు."

అందుకే తీసెయ్యలేదు.